దస్తూరి

పోయినేడాది మే నెల రెండో ఆదివారం సాయంత్రం తెనాలి నుంచి మా పిన్ని వాట్సాప్‌లో ఒక వ్యాసం పంపింది. పైన మూడు దండాల బొమ్మలు, కింద ఒక వాయిస్ మెసేజి. "ఒరే, ఇది చదివావా? ఎవరో అమెరికా ఆయనట, వాళ్ళమ్మ గురించి రాశాడు. చదువుతుంటే మా అక్క వచ్చి ఎదురుగా కూర్చున్నట్టే ఉందిరా. అచ్చం మీ అమ్మే అనుకో. లోకంలో మనుషులు ఎంత ఒక్కలా ఉంటారో చూడు!" కాస్త ఆగి, ముక్కు ఎగబీల్చి, మళ్ళీ అందుకుంది. "నువ్వూ ముప్ఫై ఏళ్ళ నుంచీ రాస్తూనే ఉన్నావుగా. మీ అమ్మ గురించి ఇలా నాలుగు ముక్కలు ఎప్పుడన్నా రాశావుట్రా?"

రాశాను. పిన్ని పంపినదే అది. కింద పేరు నాది కాదు, అంతే. దానికి ముట్టిన మూడు వేల రూపాయలు అప్పటికే కరెంటు బిల్లులోనూ బియ్యం బస్తాలోనూ కలిసిపోయాయి. "చాలా బాగుంది పిన్నీ" అని జవాబిచ్చి ఫోను బోర్లా పెట్టాను.

నేను వేరేవాళ్ళ పేరు మీద బ్లాగులు రాసిపెడుతుంటాను. దీన్ని ఘోస్ట్ రైటింగ్ అంటారు. సినిమావాళ్ళయితే ఇంకా పొట్టిచేసి "ఫలానా ఆయన దగ్గర ఘోస్టు చేశాడు" అంటారు. మా ఇంట్లో దాన్ని కూడా తెలుగు చేశారు. "దెయ్యప్పని అయిందా? అన్నం చల్లారిపోతోంది" అంటుంది మా ఆవిడ. నా బల్ల దగ్గరికి వస్తే ముందు కుర్చీలో ఎవరున్నారో అడిగి గానీ మాట్లాడదు. డాక్టరా, లాయరా, డాలసా?

ఇందులోకి ఎలా దిగానో చెప్పాలి. 2006 ప్రాంతంలో లేఖిని వచ్చాక, ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు అక్షరాలు రాలుతుంటే, నాలాంటి వాళ్ళకి పూనకం వచ్చింది. పగలు ఒక దినపత్రికలో ఉపసంపాదకుడిగా వార్తలు దిద్దడం, రాత్రి సొంత బ్లాగు. తెలుగు బ్లాగులన్నిటినీ ఒకచోట చూపించే కూడలిలో నేను రాసింది కనపడగానే ఎవరు ఏమన్నారా అని పది నిమిషాలకోసారి చూసుకోవడం. ఆరుగురు బాగుందంటే ఆ రాత్రి నిద్ర పట్టేది కాదు. తర్వాత పత్రికలో మనుషుల్ని తగ్గించారు, తగ్గినవాళ్ళలో నేనూ ఉన్నాను. అప్పుడే ఒక ఎముకల డాక్టరుగారు నా పాత బ్లాగు చూసి ఫోన్ చేశారు. "మీ లెక్క రాసేటాయన కావాలె. పేరు నాది ఉంటది. ఒప్పుకుంటరా?" అన్నారు. ఒప్పుకున్నాను. పేరుదేముంది అనుకున్నాను. నా తెలివితక్కువతనాల్లో మొదటిది అదే. మిగతావన్నీ దాని సంతానం.

పేరుదేముంది అని మా నాన్న ఎప్పుడూ అనలేదు. ఆయన దస్తావేజులు రాసేవాడు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా వేపచెట్టు కింద చిన్న బల్ల, దాని మీద స్టాంపు కాగితాల కట్ట, ఇంకు సీసా, వేలిముద్రల ప్యాడు. పొలం అమ్మేవాడు వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చుని ఏదేదో చెప్పేవాడు. అందులో సగం ఏడుపు, సగం తమ్ముడి మీద తిట్లు. నాన్న అదంతా విని, ఏమీ విననట్టు మొహం పెట్టి, నాలుగు హద్దులూ సర్వే నెంబరూ అడిగి, "నా ఇష్టపూర్తిగా వ్రాయించి ఇచ్చిన విక్రయ దస్తావేజు" అని ముగించేవాడు. అట్టడుగున అమ్మినవాడి వేలిముద్ర, సాక్షుల సంతకాలు, వాటి కింద ఒక మూల "దస్తూరి" అని తన పేరు.

చిన్నప్పుడు అడిగాను, పొలం వాళ్ళది కదా, కాగితం మీద నీ పేరెందుకని. "రేపు కోర్టులో ఈ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందిరా అంటే చెప్పడానికి ఒకడుండాలిగా" అన్నాడు. ఆ "వ్రాయించి" అన్న మాట ఎంత నిజాయితీ అయినదో నాకు యాభై దాటాక తెలిసింది. వేలిముద్ర వేసినవాడు రాశానని చెప్పుకోడు, రాయించానంటాడు. రాసినవాడు రాయించుకున్నవాడి పొలం జోలికి పోడు. మన భాష ఒక్క అక్షరంలో తేల్చేసిన వ్యవహారాన్ని నేను పదేళ్ళపాటు కలిపి కలగాపులగం చేశాను.

డాక్టరుగారిది కరీంనగర్ వైపు. మొదటి వ్యాసం మోకాళ్ళ నొప్పుల మీద. నేను ఒళ్ళు దాచుకోకుండా రాశాను. కృష్ణా కాలవ పారినట్టు పోయింది వాక్యం. చివర్న ఊపులో "నా దగ్గరికి వస్తే మీ మోకాళ్ళు మళ్ళీ పదహారేళ్ళవి అవుతాయి" అని తగిలించాను. ఆయన రాత్రి పదకొండింటికి కారులోంచి ఫోన్ చేశారు. "అన్నా, నా లైసెన్సు మీద ఏమన్న పగ ఉన్నదా?" అన్నారు. డాక్టర్లు తమకి తాము ప్రచారం చేసుకోకూడదని 2002 నాటి వైద్య మండలి నిబంధనల్లో ఉందట. జబ్బు గురించి చెప్పొచ్చు, జాగ్రత్తలు చెప్పొచ్చు, నేను తగ్గిస్తాను రండి అని పిలవకూడదు. వార్తలు దిద్దిన మనిషిని, ఆ మాత్రం చూసుకోవద్దా? చూసుకోలేదు. ఆ వాక్యం తీసేశాను.

అసలు దెబ్బ అక్కడ తగల్లేదు, వాళ్ళమ్మగారి దగ్గర తగిలింది. కొడుకు వ్యాసం అచ్చుతీసి ఇస్తే కళ్ళజోడు పెట్టుకుని చివరిదాకా చదివి, మడిచి, తిరిగి ఇచ్చేసిందట. "గిది నువ్వు రాసింది కాదు బిడ్డా. నువ్వు ఎన్నడన్న 'కూడా' అన్నవా? 'సుత' అంటవు" అన్నదట.

ఒక్క మాటకి దొరికిపోయాను. ఒకరి పేరు పెట్టుకుని రాయడమంటే అభిప్రాయాలు మోయడమే అనుకునేవాణ్ణి. అభిప్రాయాలు ఎవరివైనా సులువుగానే మోయొచ్చు, అవి తేలిక. మోయలేనివి ఈ 'సుత'లు, 'కూడా'లు. మనిషి ఎక్కడ ఊపిరి తీసుకుంటాడు, ఏ మాట అనబోయి మింగుతాడు, "మా అమ్మ" అంటాడా "అమ్మ" అంటాడా. తెలుగులో ఇది మరీ కష్టం. నోరు తెరిస్తే జిల్లా బయటపడుతుంది.

సరే, దిద్దుకుంటానన్నాను. రెండో వ్యాసంలో కనిపించిన చోటల్లా గట్ల, గిట్ల, మస్తు, జర అని చల్లాను, పెళ్ళి భోజనంలో నెయ్యి వడ్డించినట్టు. ఈసారి డాక్టరుగారు నవ్వలేదు. "నేను గిట్ల సినిమాల కామెడీ లెక్క మాట్లాడ్తనా?" అని మాత్రం అడిగారు. ఆ ప్రశ్నకి ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆయన భాష నాకు సినిమాల్లోంచే తెలుసునన్న సంగతి ఆయనకి తెలిసిపోయింది.

చివరికి ఆయనే ఒక శనివారం ఆస్పత్రికి రమ్మని, రోగుల్ని చూసే గదిలో ఒక మూల స్టూలు వేయించారు. మూడు గంటలు కూర్చున్నాను. వచ్చిన ప్రతి ముసలమ్మనీ ఆయన మొదట అడిగే ప్రశ్న ఒకటే. "అవ్వా, మెట్లు ఎక్కుడు కష్టమా, దిగుడు కష్టమా?" ఆ ప్రశ్నతో అవ్వల మొహాలు విచ్చుకునేవి. తమ నొప్పికి రెండు వైపులున్నాయని అంతకుముందు ఎవరూ వాళ్ళకి చెప్పలేదేమో. ఒకావిడ ఇంట్లో మెట్లు వెనక్కి తిరిగి దిగుతుందట, చంటిపిల్లలా. ఆ ప్రశ్ననే పేరుగా పెట్టి, నేను విన్నవే రాశాను, నావి ఒక్క ముక్క కలపలేదు. డాక్టరుగారి పేరుతో వచ్చినవాటిలో జనం ఎక్కువ చదివింది అదే. వాళ్ళమ్మగారు మడిచి తిరిగి ఇవ్వలేదట, పూజగదిలో పెట్టుకుందట.

అక్కడితో బుద్ధి తెచ్చుకుని ఉంటే ఈ స్వగతం అక్కర్లేదు. కానీ ఆ వ్యాసం కింద మెచ్చుకోళ్ళు పడుతున్న కొద్దీ నాకు కడుపులో ఏదో తిరిగింది. అందరూ డాక్టరుగారి చెయ్యి మంచిదంటున్నారు. ఒక రాత్రి రెండింటప్పుడు లేచి, ఒక దొంగ పేరు కట్టుకుని, "వైద్యం సంగతి అలా ఉంచండి, ఆ వాక్యాల్లో ఉన్న హాయి ఈమధ్య ఎక్కడా చూడలేదు" అని నేనే రాసి వచ్చి పడుకున్నాను. మర్నాడు పొద్దున్నే డాక్టరుగారి దగ్గర్నుంచి మెసేజి. "ఎవరో మంచిగ రాసిండు. జర థాంక్స్ చెప్పి నాలుగు లైన్లు కొట్టున్రి." కొట్టాను. నాకు నేను, ఆయన పేరుతో, వినయంగా కృతజ్ఞతలు చెప్పుకున్నాను. జవాబులకి డబ్బులివ్వరు, అది ఉచితం.

డబ్బుల మాట వచ్చింది కాబట్టి ఇంకో చిల్లర పని కూడా ఒప్పుకుంటాను. ఈ పనికి లెక్క పదానికింత అని కట్టే అలవాటు ఇంగ్లీషు వైపు నుంచి వచ్చింది. ఇంగ్లీషువాడు ఏడెనిమిది మాటలు పేర్చి చెప్పేది మనం "రాయించుకోలేకపోయినవాళ్ళకి" అని ఒక్క మాటలో మింగేస్తాం. ఇంగ్లీషులో రాసే కుర్రాడికి వెయ్యి పదాల డబ్బులొచ్చే విషయానికి నాకు ఆరేడు వందల పదాలవే వస్తాయి. ఇది అన్యాయమని ఖాతాదారుల్ని అడిగే ధైర్యం లేదు. అందుకని మాటల్ని విరగ్గొట్టడం మొదలుపెట్టాను. "వెళ్ళాల్సొచ్చింది" అంటే ఒకటే. "వెళ్ళ వలసి వచ్చింది" అంటే మూడు. "చెప్పలేకపోతున్నా" అంటే ఒకటి, "చెప్ప లేక పోవు చున్నాను" అంటే నాలుగు. కొన్నాళ్ళకి నా వచనం చిన్నయసూరి కాలానికి వెళ్ళిపోయింది. తమాషా ఏమిటంటే ఖాతాదారులకి అది నచ్చింది. "ఈమధ్య మీ శైలి గంభీరంగా ఉంటోంది సార్" అన్నాడొకాయన. మా ఆవిడ మాత్రం ఒక పేరా చదివి, ఇది వచనమా, పళ్ళు ఊడినవాడి మాటా అని అడిగింది. మానేశాను. ఇప్పుడెలాగూ 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక బేరం మారిపోయింది. యంత్రం రాసినది పంపించి, "కొంచెం మనిషి వాసన పెట్టండి" అంటున్నారు. వాసనకి పదం లెక్క లేదు.

ఇక లాయరుగారు, ఇళ్ళస్థలాలు అమ్మే స్థలాలాయన. వీళ్ళిద్దరూ ఒకరికొకరు తెలియరు. నాకు ఇద్దరూ తెలుసు. లాయరుగారు మాత్రం మొదటిరోజే హద్దులు గీశారు. న్యాయవాదులు ప్రచారం చేసుకోవడాన్ని బార్ కౌన్సిల్ ఒప్పుకోదు కాబట్టి గెలిచిన కేసుల ఊసెత్తొద్దు, చట్టం చెప్పి ఊరుకోమన్నారు. ఆయన కోసం స్థలం కొనేముందు ఏమేం చూడాలో రాశాను. ఈసీ తీయించండి, లింకు దస్తావేజులు చూడండి, 2016 నాటి రెరా చట్టం కింద నమోదు నెంబరు అడగండి, అది చూపించకుండా ప్రీ లాంచ్ అంటే డబ్బు ఇవ్వకండి. అదే వారంలో స్థలాలాయన కోసం, ఆలోచిస్తూ కూర్చున్నవాడు ఆలోచిస్తూనే ఉంటాడనీ, కొన్నవాడు కొడుక్కి ఆస్తి ఇచ్చిపోతాడనీ రాశాను. రెండూ నమ్మకంగానే రాశాను, అదే నా రోగం. పొద్దున లాయరుగా భయపెట్టి సాయంత్రం స్థలాలాయనగా ఊరించాను.

ఎవరో చదువరి లాయరుగారి వ్యాసం లంకె తీసుకెళ్ళి స్థలాలాయన గోడ మీద అంటించాడు. ఆయనకి కోపం వచ్చి ఘాటుగా జవాబు రాయమన్నాడు. రాశాను. అది చూసి లాయరుగారు మర్యాదగా ఒక ఖండన రాయమన్నారు. అదీ రాశాను. నాతో నేనే రెండు వారాలు పోట్లాడాను, రెండు వైపులా బిల్లు వేశాను. ఆ రోజుల్లో నాకు నేనే ఎంత తెలివైనవాడిగా కనిపించానో చెప్పలేను.

పట్టించింది మా నాన్న. ఏ సామెతల పుస్తకంలోనూ నాకు కనపడని మాట ఒకటి ఆయన నోట్లో ఉండేది. "గట్టు తెగాక గమేళా ఎందుకు?" అనేవాడు, దస్తావేజు రిజిస్టరయ్యాక ఏడ్చేవాళ్ళని చూసి. అది లాయరుగారి ఖండనలోనూ ఉంది, స్థలాలాయన జవాబులోనూ ఉంది. ఇద్దరి చేతా మా నాన్నే మాట్లాడాడు. ఒక చదువరి రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి, "ఈ ఇద్దరూ ఒకే గమేళా వాడుతున్నారేంటి?" అని అడిగాడు. స్థలాలాయన మూడు నెలల బాకీ ఎగ్గొట్టి వెళ్ళిపోయాడు. లాయరుగారు ఏమీ అనలేదు. నెల తిరక్కుండా రచయితల హక్కుల మీద ఒక వ్యాసం కావాలన్నారు. అది కావాలనే అడిగారా అని నాకిప్పటికీ అనుమానం.

ఆ వ్యాసం కోసం 1957 నాటి కాపీరైట్ చట్టం చదివాను. చదివి నివ్వెరపోయాను. ఉద్యోగంలో భాగంగా కాకుండా బయటనుంచి రాసిపెట్టిన వాడే, వేరే ఒప్పందం లేకపోతే, ఆ రచనకి మొదటి యజమాని. హక్కులు బదలాయించాలంటే కాగితం మీద సంతకం ఉండాలి. ఆ కాగితంలో ఎన్నేళ్ళకో రాయకపోతే ఐదేళ్ళకే అనుకోవాలి. హక్కులన్నీ అమ్ముకున్నా సరే, ఇది నేను రాశాను అని చెప్పుకునే హక్కు 57వ సెక్షను కింద రాసినవాడికి మిగిలే ఉంటుంది. నా ఖాతాదారుల్లో ఎవరితోనూ నాకు కాగితం లేదు. అన్నీ వాట్సాప్‌లో "సరే సార్", "ఓకే అన్నా"లే. దస్తావేజులు రాసినవాడి కొడుకుని! అంటే చట్టం లెక్కన అప్పటికి రాసినవన్నీ నావే. ఈ సంగతి తెలుగు రచయితలందరికీ తెలియాలని ఆవేశంగా వెయ్యి పదాలు రాశాను. "రచయితలారా, మీ పేరు వదులుకోకండి" అని ముగించాను. కింద లాయరుగారి పేరు వేసి పంపించాను.

ఇలాంటప్పుడు మనసు సాకుల కోసం పాత పుస్తకాల మీద పడుతుంది. కృష్ణదేవరాయల ఆముక్తమాల్యదని కూడా పెద్దనే రాసిపెట్టాడని అన్నవాళ్ళున్నారుగా, అంతటివాడికే తప్పలేదు అని కొన్నాళ్ళు మీసం దువ్వుకున్నాను. నేను ఆ మాట నమ్మను. తులసివనంలో దొరికిన పిల్లని పెంచిన ఆ పుస్తకానిదీ ప్రవరుణ్ణి మంచుకొండల్లో తిప్పిన పుస్తకానిదీ ఒకే చెయ్యంటే, 'సుత' పట్టుకున్న ఆ కరీంనగర్ అమ్మగారు కూడా ఒప్పుకోదు. నాకు నచ్చింది వేరే సంగతి. కావ్యాన్ని మనవాళ్ళు కన్య అన్నారు. పుచ్చుకున్నవాడు కృతిభర్త. మనుచరిత్రకి రాయలు భర్త, పెద్దన తండ్రి. ఇద్దరి పేర్లూ పీటల మీద ఉన్నాయి, ఎవరికీ నామోషీ కాలేదు. నేను చేసిన పెళ్ళిళ్ళలో పిల్లని ఇచ్చి, వంటవాడిలా గోడపక్క నించుని, తండ్రి కూడా ఆయనేనండీ అని అందరికీ చెప్పాను.

డాలస్ ఆయన సంగతి ఇప్పుడు చెప్పొచ్చు. మా గుంటూరు జిల్లా వాడే, ఇరవై ఐదేళ్ళుగా అక్కడే. తెలుగు మాట్లాడతాడు గానీ చదవడం తడుముకుంటాడు, వాళ్ళావిడ చదివి వినిపిస్తుంది. ఊరు, పండగలు, చెరువు, జాతర ఇవన్నీ రాయించుకునేవాడు. అడిగితే గంటలకొద్దీ చెప్పేవాడు కూడా. కిందటి ఏప్రిల్లో మాత్రం నలభై సెకన్ల మెసేజి ఒకటి వచ్చింది. "మదర్స్ డేకి అమ్మ మీద రాయండి సార్. నాకు ఆరేళ్ళప్పుడు పోయింది. తర్వాత హాస్టలే. పెద్దగా ఏం గుర్తులేదు. మీరే ఏదో..." అక్కడ ఆగిపోయింది.

వద్దని చెప్పాల్సింది. మీకు గుర్తులేదన్న సంగతే రాద్దాం, అదే పెద్ద వ్యాసం అని చెప్పి ఉంటే ఎంత బాగుండేది. నాకు అప్పుడు తోచలేదు. తోచింది మా అమ్మ.

మా ఇంట్లో వంటగది తలుపు వెనక పాల లెక్క ఉండేది. అమ్మకి చదువు లేదు. పాలు పోయించుకున్నాక కుంపట్లోంచి బొగ్గుముక్క తీసి పూటకో గీత గీసేది. నెలాఖరుకి పాలాయన వచ్చి గుమ్మంలో కూర్చుంటే నేను తలుపు తిప్పి గీతలు లెక్కపెట్టి చెప్పేవాణ్ణి. ఆయన భార్య పురిటికని పాలు రాని రోజులు కూడా ఉండేవి. ఆ నెలల్లో గీతలు ఎక్కువే ఉండేవి, తగ్గేవి కావు. రాని రోజుకి కూడా అమ్మ గీత గీసేదన్నమాట, అడిగితే నవ్వి ఊరుకునేది. ఇదీ నాకున్న జ్ఞాపకం. ఆమె పోయాక ఇంటికి రంగులు వేయించినప్పుడు తలుపు గీకేశారు. నా దగ్గర ఉన్న మా అమ్మంతా ఆ తలుపే. దాన్ని ఎత్తి డాలస్ పంపించాను.

ఆయన రెండ్రోజులు పలకలేదు. తర్వాత ఫోన్ చేసి, "మా ఆవిడ చదివి వినిపించింది సార్" అని ఊరుకుని, "మీరు ఎలా కనుక్కున్నారో గానీ, నాకిప్పుడు నిజంగానే ఆ తలుపు గుర్తొస్తోంది" అన్నాడు. గొంతు బొంగురుగా ఉంది. ఈ పనిలో నన్ను ఎవరైనా అంతగా మెచ్చుకున్నది అదొక్కసారే, నాకు ఒళ్ళు జలదరించిందీ అదొక్కసారే.

పిన్ని మెసేజి తర్వాత పౌరుషం వచ్చి, అమ్మ సంవత్సరీకం నాటికి నా పేరుతోనే రాసి ఒక పత్రికకి పంపాను. అది కూడా తలుపుతోనే మొదలైంది, వేరే మొదలు నాకు రాలేదు. అక్కడ ఉపసంపాదకుడు కుర్రాడు, మర్యాదస్థుడు. "మాస్టారూ, ఏమీ అనుకోకండి, ఈ బొగ్గు గీతలు ఎక్కడో చదివినట్టుందండీ" అని లంకె పంపించాడు. డాలస్ ఆయన ఫోటో, పక్కన నా తలుపు. చట్టం ప్రకారం అది నాది. ఆ చట్టం మీద వ్యాసం కూడా నాదే. ఏ ఒక్కటీ ఆ కుర్రాడికి చెప్పుకోలేను. "అవును బాబూ, అలాంటివి అందరిళ్ళల్లోనూ ఉండేవి" అని వెనక్కి తీసుకున్నాను. నా తల్లి గురించి రాసినదాన్ని దొంగ సొత్తులా దాచేశాను.

పోయిన నెల తెనాలి వెళ్ళి పిన్నికి చెప్పేశాను. వరండాలో చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. మొదట అర్థం కాలేదు. "అంటే ఆ అమెరికా ఆయన రాయలేదా?" అంది. రాయించాడు పిన్నీ అన్నాను. "మా అక్క సంగతి ఆయనకెలా తెలుసు?" అంది. నేనే అమ్మాను అని నోరు తెరిచి చెప్పాల్సి వచ్చింది. తిడుతుందనుకున్నాను. చాటలో కాయలు అలా వదిలేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"ఓరి పిచ్చి సన్నాసీ, మీ అమ్మ రాని రోజుకి గీత గీసేదా? ఎవరు చెప్పార్రా నీకు? వచ్చిన రోజుకే సరిగ్గా గీసేది కాదు! పాలు గోటి మీద ఒక చుక్క వేసుకుని చూసేది. చుక్క నిలవకుండా జారిందా, ఆ పూట గీత లేదు. నీళ్ళ పాలకి గీతెందుకే అనేది. నేను మీ ఇంట్లో ఉన్న ఏడాదంతా చూశాను. నెలకి ఐదారు గీతలు ఎగ్గొట్టేది."

మరి గీతలు ఎక్కువుండేవి కదా అన్నాను.

"అవి ఆ పాలాయన గీసినవిరా! నువ్వు బళ్ళో ఉండగా వచ్చి, ఈవిడ పెరట్లోకి వెళ్ళగానే కుంపట్లో బొగ్గు తీసుకుని తను గీసుకుపోయేవాడు. ఈవిడకి తెలుసు. తెలిసీ ఎదురుగా అడగదు. తడిగుడ్డతో తుడిచేది. మళ్ళీ ఆయన గీసేవాడు. పదేళ్ళు నడిచింది ఆ యవ్వారం. ఆయన పోయినరోజు మీ అమ్మ అన్నం తినలేదు, తెలుసా?"

తెలియదు. నేను నెలాఖరున లెక్కపెట్టినవాణ్ణి, అంతే. ఎవరి దస్తూరి ఏదో నాకు తెలియలేదు. మిగతా మధ్యాహ్నమంతా పిన్ని చెబుతూనే ఉంది, నేను వింటూ ఈనెలు తీశాను. జేబులో కాగితం ఉన్నా తీయబుద్ధి కాలేదు. బయల్దేరేటప్పుడు చిక్కుడుకాయలు సంచిలో పోస్తూ, "ఇదన్నా నీ పేరుతో రాసుకుంటావా, దీన్ని కూడా ఎవరికన్నా అంటగడతావా?" అంది.

తిరుగు రైల్లో ఫోన్ మోగింది. డాలస్. వచ్చే మదర్స్ డేకి అమ్మ మీద రెండో భాగం కావాలట. ఈసారి ఇంకొంచెం పెద్దది. ఆ పాలాయన తర్వాత ఏమయ్యాడో రాయమని వాళ్ళావిడ అడుగుతోందట. అడ్వాన్సు వేసేశానన్నాడు. "మీకు గుర్తున్నంతవరకూ ఏమయ్యాడంటారు?" అని అడిగాను, నోరు జారి. ఆయన నిజంగానే ఆలోచించాడు. "మంచివాడే సార్. అమ్మకి ఎప్పుడూ ఒక గీత ఎక్కువే పోసేవాడనుకుంటా" అన్నాడు.

నేను అవుననలేదు, కాదనలేదు. సిగ్నల్ పోతోందని పెట్టేశాను. నీళ్ళ పాల సంగతి ఆయనకి చెప్పలేదు, ఇదిగో ఇక్కడ నా పేరుతో రాసేశాను. ఆయన తెలుగు చదవడు. వాళ్ళావిడ చదువుతుంది. అడ్వాన్సు ఇంకా తిప్పి పంపలేదు.